పాత జీపు విప్పి కొత్తగా కట్టడం: ముందు ఆర్సీ, తర్వాతే పానా

ఒక పాత మహీంద్రా జీపు ఛాసిస్ (అడుగు ఫ్రేము), కొత్తగా కొన్న టబ్బు బాడీ (ఛాసిస్ మీద కూర్చునే రేకు తొట్టి), ఇంకో జీపులోంచి తీసిన ఇంజనూ ఇరుసులూ. వీటిని కలిపి బండి కట్టే పనితనానికి విశాఖలో కొరత లేదు. గాజువాక ఆటోనగర్‌లో లేత్, టింకరింగ్, కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) పని, డీజిల్ పంపు పని అన్నీ దగ్గర దగ్గరే దొరుకుతాయి. ఓడల మీద, స్టీల్ ప్లాంట్‌లో చేయి తిరిగిన వెల్డర్లున్న ఊరిది. అయినా చక్కగా కట్టిన బండ్లు కొన్ని రోడ్డెక్కకుండా షెడ్డులోనే కూర్చుంటాయి. కారణం ఇంజన్ కాదు, కాగితం. అందుకే ఇక్కడ కాగితం పనితో మొదలుపెడుతున్నాం. అది తేలేదాకా ఒక్క నట్టు కూడా విప్పకండి.

ఛాసిస్ నంబరే బండి

బ్రిటన్‌లో ఇంట్లో కట్టుకున్న కారును ఒక్కదాన్నే పరీక్షకు పెట్టి, పాసైతే నంబరు తెచ్చుకునే పద్ధతి ఉంది. కిట్ కార్లు అక్కడ అలాగే రోడ్డెక్కుతాయి. మన దగ్గర కొత్త బండి రిజిస్టర్ కావాలంటే అమ్మకం ధ్రువపత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యత పత్రం ఫారం 22 ఉండాలి. ఫారం 22 రావాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం ఆ నమూనా పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష పాసై ఉండాలి. కాబట్టి పైపులు వంచి సొంతంగా ఫ్రేము కట్టి, ఏదో కారు ఇంజన్ పెట్టిన బండి ఎంత గట్టిగా ఉన్నా ప్రైవేటు స్థలంలో తిప్పుకోవడానికే పనికొస్తుంది.

మనకున్న దారి వేరు. ఇప్పటికే రిజిస్టరైన, ఆర్సీ బతికున్న ఛాసిస్‌ను తీసుకుని, దాని ఆర్సీలో రాసిన వివరాలు మారకుండా దాన్ని మళ్లీ కట్టడం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

దీన్నిబట్టి ఒక నియమం పెట్టుకోండి. ఆర్సీ ఏ ఛాసిస్‌దో ఆ ఛాసిసే మీ బండి. రెండో బండి విడిభాగాలు మాత్రమే ఇస్తుంది, నంబరు ఇవ్వదు. ఒక ఛాసిస్ నంబరు ముక్క కోసి ఇంకో ఛాసిస్‌కు అతికించడం, నంబరు అరగదీసి మళ్లీ గుద్దడం బండి కట్టే పని కాదు, నేరం. మీకు తెలియకుండా ఎవరో ముందే చేసిన బండిని కొన్నా ఇరుక్కునేది మీరే.

కొనే ముందు

ఆర్సీని, బండిని పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ రకం, సీట్లు, ఇంధనం, వీల్‌బేస్ (ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం), ఖాళీ బరువు, రంగు: ఇవన్నీ ఆర్సీలో ఉంటాయి. రేపు కట్టబోయే బండి ఈ వివరాలకే సరిపోవాలి. ఆర్సీలో హార్డ్ టాప్ అని ఉంటే క్యాన్వాస్ హుడ్డు జీపు కట్టుకునే ఆశ అక్కడే వదిలేయండి, లేదా అలాంటి ఆర్సీ ఉన్న బండినే వెతకండి. వీల్‌బేస్ విషయమూ అంతే. పాత మహీంద్రా మోడళ్లలో సీజే 3బీ వీల్‌బేస్ 80 అంగుళాలు, ఎంఎం 540ది 91. పొడుగు ఛాసిస్‌ను కోసి పొట్టి జీపు చేస్తే అది వెల్డింగు లోపం మాత్రమే కాదు, ఆర్సీ వివరం మారిపోయినట్టు కూడా.

ఛాసిస్ నంబరు మీద తుప్పును వైరు బ్రష్షుతో మెల్లగా తీసి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో, ఒకే రకం అచ్చులో ఉండాలి. చుట్టూ గ్రైండరు గీతలు ఉన్నా, ఆ చోట లోహం పల్చబడినట్టున్నా, చుట్టూ వెల్డింగు అంచు కనబడినా బేరం ఆపేయండి. తుప్పు నిజంగానే నంబరును తినేసి ఉంటే అదీ పరిష్కారం లేనిది కాదు, కానీ ఆ అర్జీ ఆర్టీవోకు పాత యజమాని పేరు మీదే పెట్టించి, అనుమతి వచ్చాకే డబ్బు ఇవ్వండి.

తర్వాత ఆన్‌లైన్ రికార్డు చూడండి. పాత పుస్తకం ఆర్సీ ఉన్న బండ్ల వివరాలు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండవు. అలాంటిది దొరికితే మాధవధార రవాణా కార్యాలయంలోగాని, బండి ఏ కార్యాలయం పరిధిదో అక్కడగాని పాత రిజిస్టరు చూపించి ఎక్కించుకోవాలి. అప్పు తీరినా ఫైనాన్స్ పేరు ఆర్సీలో ఉండిపోతుంది. దాన్ని తీయించడానికి ఫారం 35 కావాలి. పన్ను బకాయిలు, చలాన్లు, బ్లాక్‌లిస్ట్ కూడా చూసుకోవాలి. బండి దొంగిలించిందా అన్నది జాతీయ నేర రికార్డుల సంస్థ ఆన్‌లైన్ సేవలో ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఏపీ 31 (విశాఖ) నంబరు బండైతే పని సులువు. ఒడిశా నంబరు చవకగా వస్తుందని తీసుకుంటే అక్కడి నుంచి ఫారం 28తో నిరభ్యంతర పత్రం, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు, మన రాష్ట్ర జీవిత పన్ను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆర్మీ డిస్పోజల్ బండి అంటూ నంబరు లేకుండా అమ్మేవి చాలా కనబడతాయి. సైన్యం వేలంలో అమ్మిన బండికి సంబంధిత అధికారులు ఇచ్చిన అసలు ఫారం 21 అమ్మకం పత్రం ఉండాలి. అది లేనిది కొంటే తుక్కు కొన్నట్టే లెక్క.

50 ఏళ్లు దాటిన జీపు దొరికితే కొందరు వింటేజ్ నంబరు వైపు చూస్తారు. 2021 జూలైలో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం కొత్త నమోదుకు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త టబ్బు వేసిన జీపుకు అది కుదరదు. పైగా వింటేజ్ బండిని ర్యాలీకీ ప్రదర్శనకూ తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు.

బేరం కుదిరిన రోజే యాజమాన్య మార్పిడికి ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 సంతకాలు చేయించుకోండి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. బండి విప్పకముందే మీ పేరుకు మార్చుకోవాలి. ముక్కలుగా ఉన్న బండిని ఎవరూ తనిఖీ చేయలేరు.

విడిభాగాల బండి

రెండో జీపును ఎంచుకునేటప్పుడు ధర కన్నా పొత్తు ముఖ్యం. మొదటి బండి ఇంజన్ ఏ రకమో అదే రకం కావాలి. ఎంఎం 540కి వచ్చిన పెజో ఎక్స్‌డీపీ 2,112 సీసీ డీజిల్ ఆర్సీలో ఉంటే మళ్లీ అదే ఇంజన్ వెతకండి. మరో కంపెనీ టర్బో ఇంజన్ బలంగా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ బలం మీ గేరుబాక్సుకూ ఇరుసుకూ బ్రేకుకూ సరిపోదు, ఆర్సీకి అసలే సరిపోదు. అదే రకం ఇంజన్ మార్చినా ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. మార్చాక 14 రోజుల్లో ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. దానికి ఇంజన్ కొన్న బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ ఆర్సీ నకలు చేతిలో ఉండాలి. బిల్లు లేని ఇంజన్ ఎంత బాగా తిరిగినా తీసుకోవద్దు.

విడిభాగాలు తీసేసిన బండి మిగిలిన ఛాసిస్‌ను అలా పడేయకండి. ఇక వాడకానికి రాని బండి సంగతి 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో తెలిపి, దాని ఆర్సీ రద్దు చేయించాలి. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగిస్తే డిపాజిట్ పత్రం ఇస్తారు. మీ ఫైలులో అది ఉంటే రేపు ఇంజన్ నంబరు గురించి అడిగినప్పుడు ఒక్క కాగితంతో జవాబు చెప్పొచ్చు.

ఇరుసులు తీసుకునేటప్పుడు లోపలి పెద్ద గేరు (క్రౌన్), చిన్న గేరు (పీనియన్) పళ్లు లెక్కపెట్టించండి. 43కి 8 అంటే 5.38, 39కి 8 అంటే 4.88. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే నిష్పత్తిలో ఉండాలి. తేడా ఉంటే రెండు చక్రాల డ్రైవులో బండి బాగానే పోతుంది, లోపం తెలియదు. నాలుగు చక్రాల గేరు వేసిన రోజు మాత్రం ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని ట్రాన్స్‌ఫర్ కేసులోనో (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే గేర్ల పెట్టె) యాక్సిల్ షాఫ్టులోనో ఏదో ఒకటి తెగుతుంది.

విప్పడం

ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫొటో, విప్పాక సంచీ, సంచీ మీద చీటీ. వైర్ల రెండు చివర్లకూ ఒకే అంకె అతికించండి. షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు బిళ్లలు) ఏ వైపువి ఆ వైపే, ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోవాలి.

ఈ జీపుల్లో ఒక చిక్కుంది. ఛాసిస్, ఇరుసుల బోల్టులు అంగుళాల మర, పెజో ఇంజన్ బోల్టులు మిల్లీమీటర్ల మర. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., అంటే ఎం8 బోల్టుకు వెంట్రుకవాసి తేడా. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగుతుగా ఉందనుకుని పానా మీద బలం వేస్తే మర కొట్టుకుపోతుంది. రెండు రకాల బోల్టులకు రెండు డబ్బాలు పెట్టండి. పాత ఇరుసుల్లో ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరతో ఉంటాయి, వాటిని కుడివైపు తిప్పితేనే ఊడతాయి. తెలియక పైపు తొడిగి లాగి స్టడ్డు విరగ్గొట్టుకునేది ఇక్కడే.

ఛాసిస్: అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే

సముద్రం పక్కన బతికిన జీపు తుప్పు పైకి కనబడేదానికన్నా లోపల ఎక్కువ ఉంటుంది. ఉప్పు తేమ పెట్టె ఆకారంలో మూసిన చోట్ల చేరి ఆరదు. వెనక క్రాస్‌మెంబరు (ఛాసిస్ అడ్డ దూలం), కమాను హ్యాంగర్ల దగ్గర, బాడీ మౌంటు కింద, రెండు రేకులు కలిసిన చోట చూడండి. చిన్న సుత్తితో వరసగా కొడుతూ వెళితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. మొద్దు శబ్దం వచ్చిన చోట సన్నటి పొడిచే ఇనుముతో గుచ్చి చూడండి.

ఆ తర్వాత సమతలమైన నేల మీద నాలుగు స్టాండుల మీద నిలబెట్టి మూల నుంచి మూలకు టేపు పట్టండి. ముందు కమాను బోల్టు నుంచి ఎదుటి వైపు వెనక కమాను బోల్టుకు, మళ్లీ రెండో మూల నుంచి. రెండు కొలతల తేడా 3 మి.మీ. లోపు ఉంటే సంతోషం. 6 దాటితే ఎక్కడో గుద్దుకుంది. జాకీలతో లాగించి సరిచేశాకే వెల్డింగు. వంకర ఛాసిస్ మీద కొత్త టబ్బు పెడితే తలుపుల సందు ఒకవైపు మూసుకుని ఒకవైపు తెరుచుకుంటుంది, స్టీరింగ్ ఒక పక్కకే లాగుతుంది. అప్పుడు టింకరింగ్ వాళ్లనీ స్టీరింగ్ బాక్సునీ తప్పుపట్టి లాభం లేదు.

అతుకు వేసేటప్పుడు ఛాసిస్ రేకు ఎంత మందమో అంతే మందం ప్లేటు వాడండి, మరీ మందం వద్దు. ప్లేటు చివర్లు నిలువుగా కోయకుండా ఏటవాలుగా, గాలిపటం ఆకారంలో కోయాలి. ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలా వెల్డింగు వేస్తే బరువు ఊగినప్పుడల్లా ఒత్తిడంతా ఆ గీత మీదే పడి, సరిగ్గా దాని పక్కనే పగులుతుంది. పై పట్టీ, కింది పట్టీ మీద అడ్డంగా అసలు వెల్డు వేయకూడదు.

రాడ్ వెల్డింగు అయితే 7018 రకం మంచిది. కానీ అది తేమను పీల్చుకుంటుంది, విశాఖ గాలిలో ప్యాకెట్ విప్పి రాత్రంతా వదిలేస్తే మర్నాటికి పనికిరాదు. ఓవెన్‌లో ఆరబెట్టిన రాడ్లే వాడే షాపులో పని చేయించండి. తడి రాడ్డుతో వేసిన వెల్డు పైకి నున్నగా ఉండి లోపల సన్నటి రంధ్రాలతో ఉంటుంది. బాడీ రేకుకు సీఓటూ వెల్డింగు, 0.8 మి.మీ. వైరు సరిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే వెల్డును కాపాడే గ్యాసు కొట్టుకుపోతుంది. గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టండి, లేదా పొద్దున్నే ముగించండి.

శాండ్ బ్లాస్టింగుకు పంపే ముందు ఛాసిస్ నంబరు మీద రబ్బరు షీటు వేసి రెండు పొరల టేపు చుట్టండి. ఇది మర్చిపోయిన చోటే మంచి బండ్లు చెడ్డ పేరు తెచ్చుకుంటాయి. ఇసుక దెబ్బకు మసకబారిన నంబరు తనిఖీలో చెరిపేసిన నంబరులాగే కనబడుతుంది. ఆ చోట పుటీ, మందపాటి పెయింటు కూడా వద్దు. పల్చగా ఒక పూత, మీద గ్రీజు చాలు.

బ్లాస్టింగు అయిన ఇనుము ఈ ఊళ్లో పూట గడిచేలోపే పసుపు రంగుకు తిరుగుతుంది. నాలుగు గంటలలోపు జింకు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు పెయింటు వేయకండి, ప్రైమర్ కింద తేమ ఇరుక్కుని ఏడాదిలో బొబ్బలు లేస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో బ్లాస్టింగు పెట్టుకోవద్దు. ఆరాక పెట్టె భాగాల లోపల మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవం గొట్టంతో కొట్టించండి. అడుగున 10 మి.మీ. నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. పైన ఎంత పెయింటు వేసినా ఛాసిస్‌ను కాపాడేది ఈ లోపలి పనే.

టబ్బు

మార్కెట్లో దొరికే జీపు టబ్బుల్లో రేకు మందం రకరకాలుగా ఉంటుంది. మాటల మీద నమ్మకం పెట్టకుండా అంచు దగ్గర వెర్నియర్‌తో కొలవండి. పక్కలు 1.2 మి.మీ., నేల రేకు 1.6 మి.మీ. ఉంటే మంచిది. తెచ్చిన టబ్బును నేరుగా పెయింటుకు పంపకండి. ముందు ఛాసిస్ మీద పెట్టి, కొత్త రబ్బరు బుష్షులతో బోల్టులు వదులుగా వేసి, స్టీరింగ్ కాలమ్, పెడల్స్, గేర్లివర్లు, డీజిల్ ట్యాంకు, రేడియేటర్ అన్నీ ఒకసారి అమర్చి చూడాలి. ఏ రంధ్రమైనా కోయాలంటే అప్పుడే. పెయింటు తర్వాత చేసిన రంధ్రం తుప్పుకు తలుపు తీసినట్టే. రంగు ఆర్సీలో ఉన్నదే వేస్తే ఒక అర్జీ తగ్గుతుంది.

ఇరుసులు, స్టీరింగ్

గుంత మీద పడగానే స్టీరింగ్ చేతుల్లో గిలగిలలాడే రోగం జీపులకు మామూలు. దానికి అందరూ స్టీరింగ్ డ్యాంపర్ అమ్ముతారు. అది రోగాన్ని దాచిపెడుతుంది. అసలు కారణాలు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్ను) బేరింగుల వదులు, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్ల అరుగుదల, ముందు క్రాస్‌మెంబరు మీదుండే బెల్ క్రాంక్ (స్టీరింగ్ కదలికను టై రాడ్‌కు అందించే లివరు) బుష్షు ఆట. టై రాడ్ విప్పేసి చక్రాన్ని చేత్తో తిప్పితే ఒకే తీరు గట్టిదనంతో తిరగాలి. లొడలొడలాడితే షిమ్ములు తీసి సరిచేయండి. సీజే జీపుల కొలతలు ఇవి: ముందుచక్రాల టో ఇన్ (ముందంచులు లోపలికి తిరిగిన తేడా) 1.2 నుంచి 2.4 మి.మీ., క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పై అంచు బయటికి వాలిన కోణం) ఒకటిన్నర డిగ్రీ. కొత్త కమాను కట్ట ఎక్కువ వంపుతో వేసి బండిని ఎత్తు చేస్తే క్యాస్టర్ మారుతుంది, అప్పుడు ఎన్ని బేరింగులు మార్చినా వణుకు పోదు.

చక్రం బేరింగు నట్టును చక్రం పట్టేసేదాకా బిగించి, ఆరోవంతు చుట్టు వెనక్కి తిప్పండి. కమాన్లను ఇరుసుకు బిగించే యూ బోల్టులు పాతవి మళ్లీ వాడవద్దు, అవి ఒకసారి సాగినవే. ప్రొపెల్లర్ షాఫ్టు మళ్లీ వేసేటప్పుడు రెండు చివర్ల యోకులు (కీళ్లను పట్టే కవల కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. ఒక్క పన్ను పక్కకు పడినా ఒక వేగం దగ్గర బండంతా గుయ్యిమంటుంది.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్య సీలు పోతే గేరుబాక్సు ఆయిల్ ట్రాన్స్‌ఫర్ కేసులోకి జారుతుంది. ఒకటి ఎండిపోయి, ఒకటి పొంగుతుంది. విప్పినప్పుడే ఆ సీలు మార్చేయండి, తర్వాత దానికోసం మళ్లీ అంతా దించాలి. గేరుబాక్సులో ఇత్తడి సింక్రో రింగులుంటే జీఎల్ 4 రకం 90 నంబరు ఆయిల్ వేయండి.

ఇంజన్

కొన్న ఇంజన్‌ను నేల మీదే నడిపి చూడండి. ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు పోయినట్టు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నదానికన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పంపునూ ఇంజెక్టర్లనూ పంపు షాపులో క్యాలిబ్రేట్ చేయించండి. నల్లపొగ తనిఖీలో ఓడిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బీఎస్ 4 కాలుష్య ప్రమాణం కన్నా ముందు డీజిల్ బండికి పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత). పంపు తిన్నగా ఉండి, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంటే పాత పెజో కూడా ఆ లోపలే ఉంటుంది. బలం పెంచుతామని పంపు స్క్రూ తిప్పించుకోవద్దు.

ఓవర్‌హాల్ తర్వాత మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో విడత పది సెకన్లు, మధ్యలో నిమిషం విరామం. గాలి లోపలికెళ్లే నోటిని మూయడానికి సరిపడే చెక్క పలక పక్కన ఒకరి చేతిలో ఉండాలి. పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే కడ్డీ) ఇరుక్కుంటే డీజిల్ ఇంజన్ తాళం తీసినా ఆగదు, ఆ పలక ఒక్కటే ఆపగలదు.

బ్రేకులు

ఇక్కడ పాత భాగం ఏదీ వాడకండి. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోసులు, లైనింగులు అన్నీ కొత్తవి. పైపు స్టీలుదే, 4.75 మి.మీ., చివర్లు రెండు మడతల ఫ్లేర్. ఏసీ పనికి వాడే రాగి గొట్టం సులువుగా వంగుతుందని కొందరు వేస్తారు, అది వణుకుకు గట్టిపడి ఒకరోజు చీలుతుంది. సీజే జీపుల్లో మాస్టర్ సిలిండర్ ఒకే సర్క్యూట్. ఒక్క పైపు పోతే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అందుకే పైపు ఎక్కడా ఛాసిస్‌కు రాసుకోకుండా ప్రతి జానెడుకూ క్లిప్పు వేయండి. గాలి తీసేటప్పుడు మాస్టర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి.

పాత జీపుల హ్యాండ్ బ్రేకు చక్రాల్లో కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకుండే డ్రమ్ములో ఉంటుంది. వెనక సీలు కారితే ఆయిల్ నేరుగా ఆ డ్రమ్ములోకే. తనిఖీలో ఇన్‌స్పెక్టరు ఎత్తు మీద ఆపి చూస్తే బండి జారేది ఇందుకే.

వైరింగ్

పెయింటు వేసిన ఛాసిస్ కరెంటు తీసుకోదు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు, ఛాసిస్ నుంచి టబ్బుకు మూడు ఎర్త్ పట్టీలు, వాటి కింద పెయింటు గోకి, బిగించాక గ్రీజు. హెడ్‌లైట్లకు 2.5 చదరపు మి.మీ. వైరు, రిలే. బల్బులు 60/55 వాట్లవే. కళ్లు చెదిరే అదనపు లైట్లు, ముందు ఇనుప బంపర్ గార్డు పెట్టుకుంటే తనిఖీలో మొదట వాటినే పీకమంటారు.

తనిఖీ, ఆర్సీ

15 ఏళ్లు దాటిన సొంత బండికి ఆర్సీ ఐదేళ్ల చొప్పున రెన్యూవల్ అవుతుంది. అర్జీ ఫారం 25, గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారు, జీపు తరగతికి రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన బండికి అది 10,000. గడువు దాటితే నెలనెలా అదనపు రుసుము పెరుగుతూ పోతుంది. అందుకే బండి కట్టడానికి ఏడాది పడుతుందనుకుంటే, వీలైతే విప్పకముందే రెన్యూవల్ చేయించుకుని మొదలుపెట్టండి. దీనంత డబ్బు మిగిల్చే సలహా ఇంకోటి లేదు.

గడువు తీరిన ఆర్సీతో బండిని రోడ్డు మీద నడిపి తనిఖీకి తీసుకెళ్లకండి. టోయింగ్ బండి మీద తీసుకెళ్లాలి. దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

వెళ్లేముందు కాటా మీద ఖాళీ బరువు తూయించుకోండి. ఆర్సీ అంకెకు చాలా ఎక్కువ వస్తే ఎక్కడో రేకు మందం పెరిగింది, లేదా ఆర్సీలో లేనిదేదో అమర్చారు. ఫైలులో అసలు ఆర్సీ, థర్డ్ పార్టీ బీమా, పొగ పత్రం, ఛాసిస్ పెన్సిల్ ముద్ర, ఇంజన్ బిల్లు, విడిభాగాల బండి రద్దు కాగితం, టబ్బు బిల్లు, నంబరు చోటుతో సహా బండి విప్పకముందు, మధ్యలో, కట్టాక తీసిన ఫొటోలు ఉండాలి. ఫొటోలు ఎవరూ అడగకపోవచ్చు, కానీ ఇంత కొత్తగా ఉన్న పాత బండిని చూసి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు అనుమానం రావడం సహజం. అప్పుడు మాటలకన్నా అవి బాగా పనిచేస్తాయి. హారను, వైపరు, సిగ్నళ్లు, స్పీడోమీటరు, అద్దాలు, రిఫ్లెక్టర్లు, టైరు సైజు అన్నీ ఒకరోజు ముందు చూసుకోండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కూడా తప్పనిసరి.

మొదటి 500 కిలోమీటర్లు ఊరి దగ్గరే తిప్పండి. 50 కి.మీ. దగ్గర చక్రాల నట్లు, 500 దగ్గర యూ బోల్టులు, స్టీరింగ్ బోల్టులు, హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలి. ఇంజన్ ఆయిల్ కూడా అప్పుడే మార్చండి. తర్వాత సింహాచలం కొండ రోడ్డు ఎక్కించి, రెండో గేరులో దింపి, కింద ఆగి నాలుగు డ్రమ్ములకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. నాలుగింటి వేడీ ఒకేలా ఉండాలి. ఒకటి మండిపోతుంటే అక్కడ షూ పట్టేసింది, ఒకటి చల్లగా ఉంటే అక్కడ బ్రేకే పడటం లేదు. అది సరిచేసి, మళ్లీ దింపి, నాలుగూ సమానమయ్యాకే అనంతగిరి ఘాటు మీదుగా అరకు వెళ్లండి.